కిటికీ సందుకు తిన్నని గీత

మా అమ్మ గదిలో తూర్పు గోడకు ఒక కిటికీ ఉన్నది. కిటికీ కింద ఒక చెక్కపెట్టె. ఆ పెట్టెలో మా అమ్మ పెళ్ళినాటి బరంపురం పట్టుచీరా, మా నాన్నగారు స్వదస్తూరీతో రాసుకున్న జమాఖర్చు పుస్తకాలు రెండూ, ఇంటి కాగితాల నకళ్ళూ ఉండేవి. 2018 అక్టోబరు 11వ తేదీన తెల్లవారేసరికి ఆ పెట్టెలో నీళ్ళున్నాయి. ఆ తెల్లవారుజామునే తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. గంజాం, గజపతి జిల్లాల్లో కుండపోత వాన. పలకరించినవాళ్ళందరితోనూ "తుఫాను దెబ్బండీ" అన్నాను. అందరూ అయ్యో అన్నారు. కాని నిజం వేరు. ఆ నీళ్ళను పెట్టెలోకి పంపించినది తుఫాను కాదు. అయిదు నెలల ముందు నేను నా చేతులతో చేసిన పని.

ఆ పని ఏమిటో, ఎందుకట్లా అయిందో, తరువాత దాన్ని ఎట్లా దిద్దుకున్నానో చెపుతాను. మన ఇళ్ళల్లో ఇప్పుడు చాలావరకు అల్యూమినియం కిటికీలే గదా. సిలికాన్ ట్యూబూ, దాన్ని నొక్కే గన్నూ ఏ ఇనపసామాను కొట్లోనైనా దొరుకుతున్నాయి. చేతిలో గన్ను ఉన్నవాడికి పని వచ్చేసినట్టే అనిపిస్తుంది. నాకూ అల్లాగే అనిపించింది.

మాది బరంపురం. గోపాలపురం సముద్రం మాకు పది మైళ్ళు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గరే ఒడ్డెక్కింది. గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటిన గాలి. ఆ గాలికి మా తాతగారి నాటి టేకు కిటికీల తలుపులు రెండు ఊడిపోయినవి, మిగతావి వంకర తిరిగినవి. మరుసటి ఏడాది ఆఫీసులో అప్పు పెట్టి, పక్కకు జరిపే అల్యూమినియం కిటికీలు వేయించాము. బిగించినవాళ్ళు చట్రానికీ గోడకూ మధ్య ఉన్న సందును సిమెంటుతో పూడ్చి, రంగు వేసి వెళ్ళారు. చూడడానికి ముచ్చటగానే ఉన్నది.

రెండు వేసవులు గడిచేసరికి ఆ సిమెంటు పక్కన వెంట్రుక మందాన ఒక చీలిక కనిపించింది. మూడో వేసవికి అందులో పోస్టుకార్డు దూరింది. తప్పు సిమెంటుది కాదు. ఎండకు అల్యూమినియం సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. ఆరడుగుల కమ్మీ ముప్పై డిగ్రీలు వేడెక్కితే మిల్లీమీటరు పైచిలుకు పొడుగవుతుంది. గోడ కూడా సాగుతుంది గాని అందులో సగమే. రోజూ పొద్దున ఎండ కొట్టే తూర్పు కిటికీ ఏడాదికి ఎన్నిసార్లు సాగి ముడుచుకుంటుందో లెక్క వేసుకోండి. సిమెంటుకు సాగే గుణం లేదు. కాబట్టి ఏదో ఒక పక్క వదిలేస్తుంది.

ఈ సంగతి మనవాళ్ళకు తెలియనిది కాదు. గోపాలపురం, పూరీ తీరాల్లో చేపలు పట్టే నోలియాలు తెలుగు మాట్లాడేవాళ్ళే. వాళ్ళు కెరటాల మీదికి తోసే పాతకాలపు పడవల్లో పలకకూ పలకకూ మేకు ఉండేది కాదు. కొబ్బరితాడుతో కుట్టేవారు. కుట్టు కింద సందులో పీచు దట్టించేవారు. మేకు కొట్టి బిగించిన పడవ ఒడ్డు కెరటం దెబ్బకు విచ్చిపోతుంది. కుట్టిన పడవ దెబ్బ తగిలినప్పుడు కాస్త వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. అతుకు దగ్గర కదలిక ఉంటుందని ఒప్పుకుని, ఆ కదలికకు లొంగే వస్తువు పెట్టడమన్నమాట. ఇప్పుడు ట్యూబుల్లో వచ్చే సిలికాన్ చేసే పనీ అదే. ఆరిన తరువాత రబ్బరులాగ ఉండి, రెండు పక్కలా పట్టుకుని సాగుతుంది.

2018 మే నెలలో ఒక ఆదివారం నేను ఒక ట్యూబూ గన్నూ కొనుక్కొచ్చాను. కొట్టువాడు ఏది చేతికిస్తే అదే. పాత సిమెంటు మీద దుమ్ము ఊదేసి, ట్యూబు ముక్కు కత్తెరతో కత్తిరించి, నొక్కడం మొదలుపెట్టాను. ఘాటైన పుల్లటి వాసన వేసింది. పిల్లలు ముక్కులు మూసుకుని పారిపోయారు. సిలికాన్ ఒకచోట చేగోడీ మందాన వచ్చింది, ఒకచోట దారంలాగ వచ్చింది. వేలు నాలికకు తడి చేసుకుని సర్దబోతే (ఎవరూ ఆ పని చేయకండి) అది గోడకూ, చట్రానికీ, అద్దానికీ, నా చొక్కాకూ అంటుకున్నది. మా ఆవిడ వచ్చి చూసి, "ఇదేమిటండీ, చెట్టుకు జిగురు కారినట్టున్నది?" అన్నది.

నాకు నిజంగా చిన్నతనమనిపించింది. ఎందుకంటే, నేను గుమస్తాను. నేను కొత్తగా చేరినప్పుడు మా ఆఫీసులో రిజిస్టర్లకు ఎర్రసిరాతో చేత్తోనే గీతలు గీసేవాళ్ళం. నా గీతలకు ఆఫీసులో కొంచెం పేరుండేది. అటువంటివాణ్ణి నాలుగడుగుల కిటికీకి ఒక గీత గీయలేకపోయాను.

ఆ ఉక్రోషంలోనే అసలు తప్పు చేశాను. చట్రం అడుగు కమ్మీకి బయటివైపున, చిన్న గీటులాంటి కన్నాలు మూడు కనిపించినవి. ఒక్కొక్కటి బియ్యపుగింజ వెడల్పు, అంగుళం పొడుగు. వానొస్తే వీటిలోంచి నీళ్ళు లోపలికి రావా అనుకున్నాను. చీమలు కూడా వీటిలోంచే వస్తున్నాయనుకున్నాను. మూడింటినీ సిలికాన్‌తో పూడ్చేశాను. ఆ రోజు నేను చేసిన పని మొత్తంలో శుభ్రంగా కుదిరినవి ఆ మూడు పూడికలే.

వాటి సంగతి అక్టోబరులో తెలిసింది. పక్కకు జరిపే కిటికీ ఏదీ నీళ్ళను పూర్తిగా ఆపదు. అంచున కుచ్చులాంటి బ్రష్షు ఉంటుంది గదా, గాలి కొట్టే వానలో దాన్ని దాటుకుని కొంత నీరు అడుగు గాడిలోకి వస్తూనే ఉంటుంది. అట్లా వస్తుందని తెలిసే గాడిని తొట్టెలాగ చేసి, లోపలి అంచు ఎత్తుగా పెట్టి, చేరిన నీరు బయటికి పోవడానికి ఆ కన్నాలు పెడతారు. నేను తొట్టెకు తూము మూసేశాను. ఆ రాత్రి గాడి నిండింది, నిండి లోపలి గట్టు మీదుగా పొర్లింది, కిందనున్న పెట్టె మూతమీద పడి బద్దల మధ్యనుంచి లోపలికి దిగింది.

"ఒరే నాన్నా, గోడ వెంబడి నీళ్ళు కారుతున్నాయిరా" అని మా అమ్మ లేపితే లేచాను. దీపం లేదు. సెల్‌ఫోను వెలుగులో పెట్టె తెరిచాము. జమాఖర్చు పుస్తకాలకు ఎర్రగుడ్డ బైండు ఉండేది. ఆ ఎరుపు కరిగి పక్కనున్న పట్టుచీర మడతలకు ఎక్కింది. పుస్తకాల్లో సిరా అలుక్కుపోయి మా నాన్నగారి రాత కొన్ని పేజీల్లో నీలిమబ్బులాగ అయిపోయింది. ఆ చీర మా అమ్మ మనవరాలి పెళ్ళికని దాచినది. అమ్మ చీరను దులిపి, తీగ మీద ఆరవేసి, "పోనీలేరా, మనుషులం బాగున్నాం, అంతే చాలు" అన్నది. తిట్టి ఉంటే నాకు ఇంత కష్టంగా ఉండేది కాదు.

కన్నాలు మూసినది నేనేనని ఆవిడకు వెంటనే చెప్పలేకపోయాను. వారం రోజుల తరువాత చెప్పాను.

మా అక్కయ్యగారి అబ్బాయి అమెరికాలో ఉంటాడు. వాడు ఒక పాత ట్రావెల్ ట్రెయిలర్ కొన్నాడు. అనగా కారు వెనక తగిలించుకుని ఊరూరా లాక్కుపోయే చక్రాల ఇల్లు. మంచాలూ, పొయ్యీ, స్నానాలగదీ అన్నీ అందులోనే. చాలావాటికి లోపల చెక్క అస్థిపంజరం, పైన పలచని అల్యూమినియమో ఫైబరు రేకో తొడుగు ఉంటుందట. రోడ్డు మీద పోతున్నంతసేపూ ఇల్లంతా ఊగుతుంది. కాబట్టి దాని కిటికీలకూ, పైకప్పుకూ ఉన్న ప్రతి అతుకూ కదులుతూనే ఉంటుంది. ఎక్కడో ఒకచోట సందు పడితే నీరు తొడుగు వెనక్కి దిగి చెక్కను కుళ్ళబెడుతుంది. పైకి ఏమీ కనబడదు. కనబడేసరికి గోడ మెత్తబడి ఉంటుంది. అందుచేత అటువంటి బండి ఉన్నవాళ్ళు ఏడాదికి రెండు మూడుసార్లైనా అతుకులన్నీ చూసుకుని, పాడైనచోట పాతది తీసి కొత్తది వేసుకోవాలి.

ఫోనులో నా గొడవ చెప్పగానే వాడు నవ్వాడు. "మావయ్యా, మా బండి కిటికీలకు కూడా అవే కన్నాలుంటాయి. వాటిని ముట్టుకోకూడదు" అన్నాడు. "గీత తిన్నగా రావడానికి చెయ్యి కారణం కాదు. టేపు కారణం" అని కూడా అన్నాడు. తన బండికి పూత వేస్తూ తీసుకున్న బొమ్మలు పంపించాడు. గీత చూస్తే ముద్రణాలయంలో అచ్చొత్తినట్టున్నది. వాడికి చిత్తురచన కూడా తిన్నగా రాయడం రాదని నాకు బాగా తెలుసు. కాబట్టి టేపు సంగతి నమ్మాను.

ఆ డిసెంబరులో, వాన లేని చలికాలపు ఆదివారాలు రెండు చూసుకుని, కిటికీ మళ్ళీ మొదటినుంచి చేశాను.

ముందు పాతది తీయాలి. పనిలో ముప్పాతిక వంతు ఇదే. ఆరిన సిలికాన్ మీద కొత్త సిలికాన్ సరిగా పట్టదు, మరే రకం పూతా అసలు పట్టదు, రంగు కూడా నిలవదు. పైన పూసి ఊరుకుంటే రెండు నెలల్లో పెచ్చులాగ లేచి వస్తుంది. బ్లేడు కత్తితో గోడవైపు ఒక కోత, చట్రంవైపు ఒక కోత కోసి, మధ్యలోది చేపముల్లు లాగినట్టు మెల్లగా లాగాలి. అదృష్టం బాగుంటే జానెడు ముక్కలు వస్తాయి. మిగిలిన చెత్తను ప్లాస్టిక్ ముక్కతో గీకాలి. ఇనుముతో గీకితే అల్యూమినియం రంగు పోతుంది. వదులైన పాత సిమెంటును కూడా ఉలితో తీసేశాను. తరువాత బ్రష్షుతో దుమ్ము దులిపి, స్పిరిట్‌తో ఒక గుడ్డతో తుడిచి, ఆరకముందే ఇంకొక శుభ్రమైన గుడ్డతో తుడవాలి. ఒకే గుడ్డ వాడితే జిడ్డును ఇక్కడినుంచి తీసి అక్కడ పూసినట్టే. అంతా పొడిగా ఆరాలి. ఉదయపు మంచు పట్టిన గోడకు పూత అంటుకోదు, మధ్యాహ్నపు ఎండలో కాలిన చట్రం మీద వేస్తే బుడగలు లేస్తాయి. మంచు ఆరిన తరువాత, ఆ గోడకు నీడ ఉన్న వేళ చూసుకోవాలి. తూర్పు కిటికీ కాబట్టి నేను మధ్యాహ్నం మూడు గంటలకు మొదలుపెట్టాను.

సందు లోతుగా ఉంటే దాన్నంతా సిలికాన్‌తో నింపకూడదు. ఇందుకు మెత్తని నురుగు తాళ్ళు అమ్ముతారు. సందుకంటే పావు వంతు లావుగా ఉన్నది తీసుకుని లోపలికి దూర్చాలి. దానివల్ల ట్యూబు ఖర్చు తగ్గడం ఒక లాభం. అంతకంటె పెద్ద లాభం మరొకటి ఉన్నది. సిలికాన్ రెండు పక్కలా మాత్రమే పట్టుకుని వెనకవైపు వదులుగా ఉంటే రబ్బరుబ్యాండులాగ సాగుతుంది. వెనకవైపు కూడా పట్టుకుంటే సాగలేక చిరుగుతుంది. ఆ నురుగు తాడుకు సిలికాన్ అంటుకోదు. సందు వెడల్పులో సగం లోతుంటే పూత బలానికి సరిపోతుంది.

ఇక టేపు. రంగులు వేసేవాళ్ళు వాడే కాగితపు మాస్కింగు టేపు. సందుకు అటొక వరస, ఇటొక వరస అంటించాలి. మధ్యలో ఎంత వెడల్పు వదిలితే గీత అంత వెడల్పు వస్తుంది. నేను అర అంగుళం కంటె కొంచెం తక్కువ వదిలాను. ముక్కలు ముక్కలుగా కాకుండా ఒక పక్కంతా ఒకే ముక్క వేస్తే గీత వంకర పోదు. అంటించిన తరువాత లోపలి అంచును గోటితో నొక్కుకుంటూ పోవాలి. అక్కడ లేచి ఉంటే సిలికాన్ కిందికి దూరి, టేపు తీసినప్పుడు మీసాలు కనబడతాయి. మా గోడ గరుకు కాబట్టి గోడవైపు రెండుసార్లు నొక్కాను. దీనికి నాకు గంట పట్టింది. పూత వేయడానికి పట్టినది పది నిమిషాలు.

ట్యూబు ముక్కును ఏటవాలుగా కోయాలి. రంధ్రం సందు వెడల్పుకంటె కొద్దిగా చిన్నదిగా ఉండాలి. మొదట చిన్నదిగా కోసుకుంటే తరువాత పెద్దది చేసుకోవచ్చు, పెద్దది చేసినదాన్ని తగ్గించడం ఎవరి తరమూ కాదు. గన్నుకు తగిలించి ముందుగా పాత అట్టముక్క మీద రెండు గీతలు వేసి చూడాలి. ఎంత నొక్కితే ఎంత వస్తుందో చేతికి తెలుస్తుంది. తరువాత ఒక మూల నుంచి మరొక మూల వరకు ఆగకుండా ఒకే ఊపున పోవాలి. ఆగినచోటల్లా ఒక ముద్ద పడుతుంది. మూలకు రాగానే గన్ను వెనకనున్న మీట నొక్కి ఒత్తిడి వదలాలి. లేకపోతే మీరు గన్ను కింద పెట్టినా అది కక్కుతూనే ఉంటుంది. మొదటిసారి మా గచ్చంతా అట్లాగే పాడయింది.

వేసిన వెంటనే సర్దాలి. ఐస్‌క్రీం పుల్ల గుండ్రని కొసగాని, చెంచా వీపుగాని చాలు. కొంచెం నొక్కి, ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కసారి లాగాలి. సిలికాన్ సందులోకి దిగి రెండు పక్కలా అంటుకునేది ఈ లాగుడువల్లనే. అధికంగా ఉన్నది టేపు మీదికి పోతుంది, పోనీయండి, టేపు ఉన్నది అందుకే. ఇక్కడే నాబోటివాళ్ళకు పరీక్ష. ఒకచోట చిన్న గుంట కనబడుతుంది. ఇంకొక్కసారి సర్దుదామనిపిస్తుంది. రెండోసారి లాగితే మరొకచోట గుంట పడుతుంది. మూడోసారికి మొత్తం చెడుతుంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

టేపు ఎప్పుడు తీయాలనేదే అన్నింటికంటె ముఖ్యం. వెంటనే తీయాలి. పూత తడిగా ఉండగానే తీయాలి. సిలికాన్ గాలిలోని తేమను పీల్చుకుని గట్టిపడుతుంది. రకాన్ని బట్టి పది ఇరవై నిమిషాలలో పైన పొర కడుతుంది. మన సముద్రతీరపు ఊళ్ళల్లో గాలికి తేమ ఎక్కువ కాబట్టి ఇంకా త్వరగా కట్టవచ్చు. పొర కట్టిన తరువాత టేపు లాగితే ఆ పొర టేపుతోపాటు చిరిగి, అంచు రంపపు పళ్ళలాగ వస్తుంది. తడిగా ఉండగా, సందుకు దూరంగా ఏటవాలుగా, మెల్లగా లాగితే అంచు కత్తితో కోసినట్టు నిలుస్తుంది. అందుకే నాలుగు పక్కలూ ఒకేసారి పూయకుండా, ఒక పక్క పూసి, సర్ది, టేపు తీసి, అప్పుడు రెండో పక్కకు పోవాలి. తీసిన టేపును పడేయడానికి పాత వార్తాపత్రిక పరచి దగ్గర పెట్టుకోకపోతే అది మోచేతికి చుట్టుకుంటుంది.

ఈ టేపు తీస్తున్నప్పుడు నాకు మా పాత హెడ్ గుమస్తాగారు జ్ఞాపకం వచ్చారు. ఎర్రసిరా గీత గీయడం నాకు నేర్పినది ఆయనే. "గీత కలం గీయదయ్యా, బద్ద గీస్తుంది. నువ్వు బద్ద అడుగు తుడుచుకో, కదలకుండా పట్టుకో, సిరా పాకకముందే పైకెత్తు" అనేవారు. ఇరవై ఏళ్ళు ఆ పని చేసి, కిటికీ దగ్గరకు వచ్చేసరికి ఆ మాటే మరిచిపోయాను.

తరువాత ఒక రోజంతా ఆ కిటికీని ముట్టుకోలేదు. పైన గట్టిపడినా లోపలి భాగం రోజుకు రెండు మూడు మిల్లీమీటర్ల చొప్పున ఆరుతుంది. లావు పూత అయితే మూడు నాలుగు రోజులు ఆగడం మంచిది.

ఏ ట్యూబు కొనాలన్నది కూడా చెప్పాలి. మొదటిసారి నేను తెచ్చినది పుల్లటి వాసన వేసే రకం. ఆరేటప్పుడు అది వెనిగారులో ఉండే ఆమ్లాన్నే వదులుతుంది. అద్దానికీ, గ్లేజు పలకలకూ అది బాగానే ఉంటుంది. సిమెంటు గోడకు, చలవరాతికి, కొన్ని లోహాలకు పడదు. గోడా అల్యూమినియం కలిసేచోట ట్యూబు మీద 'న్యూట్రల్' అని రాసి ఉన్నది అడగాలి, అద్దాలకు మాత్రమే అన్నది వద్దు. సిలికాన్ మీద రంగు నిలవదు కాబట్టి గోడ రంగుకు దగ్గరగా ఉన్నదే తీసుకోవాలి. రంగు వేయక తప్పదనుకుంటే ఆక్రిలిక్ రకం ఉన్నది. అది నీటితో చేసినది కాబట్టి ఆరినప్పుడు కుంచించుకుపోతుంది, లోపలి గోడ చీలికలకు సరే గాని వాన కొట్టే పక్కకు నాకు నమ్మకం లేదు. ట్యూబు మీద గడువు తేదీ చూడడం మరవకూడదు. గడువు దాటినది ఎన్నాళ్ళైనా జిగురుజిగురుగానే ఉంటుంది. ట్యూబులో సుమారు 300 మిల్లీలీటర్లుంటుంది. ఆరు మిల్లీమీటర్ల వెడల్పూ అంతే లోతూ ఉన్న సందుకైతే ఎనిమిది మీటర్లు వస్తుంది. అనగా మామూలు కిటికీకి బయటివైపు ఒక ట్యూబు సరిపోయి కొంచెం మిగులుతుంది.

మా మేనల్లుడి చక్రాల ఇంటి పైకప్పుకు మాత్రం సిలికాన్ వాడడట. ఒకసారి వేస్తే ఆ చోట తరువాత మరేదీ అంటుకోదనే భయం. దానికి వేరే పూత ఉన్నది, బల్లపరుపు చోట పోస్తే దోసెపిండిలాగ తనే సర్దుకుంటుంది. కిటికీ చట్రాల కింద గట్టి మైనంలాంటి బ్యుటైల్ పట్టీ వేసి బిగిస్తారట. మన మేడలకు అవన్నీ అక్కరలేదు.

ఇక ఆ మూడు కన్నాలు. వాటిలోని సిలికాన్‌ను సూదితోనూ, సైకిలు పుల్లతోనూ గంటన్నర కూర్చుని తీశాను. బాగా వేసిన పూత ఎంత మొండిగా పట్టుకుంటుందో అప్పుడు తెలిసింది. చట్రం అడుగు కమ్మీకీ గోడకూ మధ్యనున్న సందును పూడ్చాలి గాని, కమ్మీలో ఉన్న కన్నాలను ముట్టుకోకూడదు. రెండింటికీ మధ్య అంగుళం దూరం కూడా ఉండదు. అందుకని ఇప్పుడు పని మొదలుపెట్టకముందే కన్నాల మీద చిన్న టేపు ముక్కలు అంటించి, పని కాగానే తీసేస్తున్నాను. మీ ఇంట్లో కిటికీలకు అవి ఎక్కడున్నాయో తెలియకపోతే, గాడిలో ఒక చెంబెడు నీళ్ళు పోసి బయటినుంచి చూడండి. నీళ్ళు బయటికి దూకితే సరే. గాడిలోనే నిలిస్తే, దుమ్మో, చచ్చిన చీమలో, రంగులవాడి సున్నమో, లేదా నావంటి గృహస్థో వాటిని మూసి ఉంటాడు.

చీర సంగతి అడుగుతారేమో. పట్టు నేసే వీధిలో తెలిసిన పెద్దాయనకు చూపించాము. ఆయన చీరను వెలుగులో పట్టుకుని చాలాసేపు చూసి, ఎరుపు దారంలోకి దిగిందనీ, తీయబోతే జరీ అంచు పోతుందనీ చెప్పి తిరిగి ఇచ్చేశాడు. అమ్మ దాన్ని మళ్ళీ మడతపెట్టింది. మరక ఉన్నచోటు కుచ్చిళ్ళలోకి పోయేటట్టు కట్టుకుంటానని మా అమ్మాయి అంటున్నది. జమాఖర్చు పుస్తకాల్లో చదవడానికి వీలైన పేజీలు సాయంకాలాలు కూర్చుని వేరే నోటుపుస్తకంలోకి ఎక్కించాను. 1987 సంవత్సరం జూన్ నుంచి ఆగస్టు వరకు మా నాన్నగారు దేనికి ఎంత ఖర్చు పెట్టారో ఇక తెలియదు.

పెట్టె ఇప్పుడు ఎదుటి గోడ దగ్గర, నాలుగు ఇటుకల మీద ఉన్నది. కిటికీకి వేసిన గీత ఇన్నేళ్ళైనా గట్టిగానే ఉన్నది, కింది మూలలో ఒకచోట మాత్రం నిరుడు రెండంగుళాల మేర తీసి మళ్ళీ వేశాను. మా అమ్మకు మాత్రం నా మీద పూర్తిగా నమ్మకం కుదరలేదు. ఏటా రథయాత్ర వెళ్ళిన మరునాడు చెంబుతో నీళ్ళు తెచ్చుకుని గాడిలో పోస్తుంది. పోసి, "బయటికెళ్ళి చూడరా, మూడూ పోతున్నాయా?" అని అడుగుతుంది. నేను వెళ్ళి చూసి, "మూడూ పోతున్నాయే అమ్మా" అని చెపుతాను.